పాలమూరు పల్లెల టీవీ, నల్లగొండ ఇళ్ల క్యాసెట్లు

హైదరాబాద్ నగరానికి టీవీ కేంద్రం రాకముందే పాలమూరు అనే మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో టీవీ ఆడింది. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసిన ఈ ప్రయోగాన్ని ‘సైట్’ అన్నారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు ఎరువిస్తే, ఇస్రో, దూరదర్శన్ కలిసి ఆరు రాష్ట్రాల్లోని 20 జిల్లాల్లో సుమారు 2,400 ఊళ్లకు నేరుగా బొమ్మను పంపించాయి. వెనుకబాటును చూసే ఈ జిల్లాలను ఎంపిక చేశారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్, మెదక్, కర్నూలు జిల్లాలతో పాటు మహబూబ్‌నగర్ ఆ జాబితాలోకి ఎక్కింది. కరువుకూ వలసకూ మారుపేరైన పాలమూరుకు వెనుకబాటు వల్ల ముందుగా దక్కినవి చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

ఊరి బడి మీదో పంచాయతీ ఆఫీసు పక్కనో పది అడుగుల వెడల్పున్న గొడుగు లాంటి ఆంటెన్నా నిలబెట్టారు. దానికి బిగించింది కోళ్ల గూళ్లకు వాడే సన్నని తీగల జాలీ. ఖర్చు తగ్గించడానికి ఇస్రో ఇంజనీర్లు చేసిన ఏర్పాటు అది. ఉపగ్రహం సిగ్నల్‌ను మామూలు టీవీకి తగ్గట్టు మార్చే పెట్టెను ఇస్రో రూపొందించింది. టీవీ సెట్లను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. తర్వాతి కాలంలో తెలుగు ఇళ్లలో ‘ఈసీ టీవీ’గా పేరుపడిన డబ్బా ఆ కంపెనీదే. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీ మీద నడిచే సెట్లు పెట్టారు.

రోజుకు నాలుగు గంటలు ప్రసారం. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. సాగు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, ఆటపాటలు, వార్తలు చూపించేవారు. హిందీ, ఒడియా, కన్నడం, తెలుగు భాషలకు సమయం పంచారు. ఢిల్లీ వార్తలు మాత్రం అందరికీ హిందీలోనే వచ్చేవి. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. వాటి టేపులు అక్కడి నుంచి అహ్మదాబాద్‌లోని భూకేంద్రానికి చేరాలి. బొమ్మ ఆ కేంద్రం నుంచి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కి, మళ్లీ కిందికి దిగితే గానీ, హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల లోపున్న పాలమూరు పల్లెకు అందేది కాదు.

మొదటి వారాల్లో ఊరంతా వచ్చి కూర్చునేది. కొత్త తీరాక జనం పలచబడ్డారు, అయినా ఒక్కో డబ్బా ముందు వంద మంది దాకా నిలకడగా చేరేవారు. రేడియో అయితే ఒక ఇంటి అరుగు మీద మోగేది, ఆ ఇంటి మర్యాదలకు లోబడి వినాలి. పంచాయతీ టీవీ ఎవరి ఇంట్లోనూ లేదు. ఎవరి గడపా తొక్కకుండా, ఎవరినీ అడగకుండా చూడగలగడం ఆనాటి పల్లెలో చిన్న విషయం కాదు.

1976 జూలైతో ఉపగ్రహం వెనక్కి పోయింది. డబ్బాలు మిగిలాయి, బొమ్మ ఆగింది. సైట్ ఊళ్లలో కొన్నింటికైనా ప్రసారం కొనసాగాలని నేల మీద ట్రాన్స్‌మిటర్లు కట్టాలనుకున్నారు. ఆ పథకం కింద ఎంచుకున్న ఆరు చోట్లలో హైదరాబాద్ ఒకటి. అలా 1977 అక్టోబర్ 23న రామంతాపూర్‌లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. నగరానికి టీవీ రావడానికి పల్లెలే కారణమన్న సంగతిని టీవీ చరిత్ర చెప్పుకునేవాళ్లు తరచుగా మరచిపోతారు.

నేల మీది ట్రాన్స్‌మిటర్‌కు ఉపగ్రహానికున్న చూపు లేదు. సిగ్నల్ దాదాపు సూటిగానే పోతుంది, గుట్ట అడ్డం వస్తే ఆ వెనుక నీడ పడుతుంది. నల్లగొండ, పాలమూరు నేలంతా రాతి గుట్టలు. రామంతాపూర్‌కు దగ్గరున్న భువనగిరి, చౌటుప్పల్ వైపు, అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ వైపు బొమ్మ నిలబడేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు వంద కిలోమీటర్ల దూరం. అక్కడ మిద్దె మీద పొడుగాటి ఇనుప పైపు, పైన ఆంటెన్నా, మధ్యలో బూస్టరు ఉంటే తప్ప తెర మీద చీమలు పారేవి. దేవరకొండ గుట్టల వెనుక, అచ్చంపేట దాటాక నల్లమల అంచున అదీ కష్టమే. గాలివానకు ఆంటెన్నా తిరిగిపోతే ఒకరు మిద్దె మీద పైపు తిప్పుతూ, ఒకరు వాకిట్లో నిలబడి, ఇంకొకరు టీవీ ముందు కూర్చుని ‘వచ్చింది, పోయింది, ఇంకొంచెం’ అని కేకలేసేవారు. ఆ ముగ్గురి పని దాదాపు ప్రతి టీవీ ఇంటిలోనూ ఆదివారం సాయంత్రం సినిమాకు ముందు జరిగేదే.

1982లో రంగుల ప్రసారం, 1983లో ఇన్సాట్-1బి వచ్చాయి. 1984లో దేశమంతటా చిన్న పట్టణాల్లో వరుసగా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. 100 వాట్ల ఈ ట్రాన్స్‌మిటర్లు తమ చుట్టూ పదిహేను, ఇరవై కిలోమీటర్ల మేర ఢిల్లీ ప్రసారాన్ని అందించేవి. బొమ్మ తేటపడింది, కానీ అది హిందీ బొమ్మ. తొలి దశలో ఈ ట్రాన్స్‌మిటర్లకు హైదరాబాద్ తెలుగు కార్యక్రమాలతో లంకె లేకపోవడం పెద్ద లోటు.

అయినా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో హిందీ ధారావాహికలు కోస్తా జిల్లాల కన్నా త్వరగా ఇంట్లో కలిసిపోయాయి. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవాళ్లు అప్పటికి ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పట్టణాల అంగళ్లలో, బస్టాండుల్లో ఉర్దూ రోజువారీ మాట. 1984లో మొదలైన ‘హమ్ లోగ్’, అదే ఏడాది వచ్చిన తొలి హాస్య ధారావాహిక ‘యే జో హై జిందగీ’, గల్లీ మలుపు మీది మనుషుల కథ ‘నుక్కడ్’, ఆర్.కె. నారాయణ్ ఊహించిన చిన్న పట్టణాన్ని శంకర్ నాగ్ ఆగుంబెలో నిలబెట్టిన ‘మాల్గుడి డేస్’ అలా పరిచయమయ్యాయి. ఎలక్ట్రిక్ రిపేరు దుకాణం, చాయ్ హోటల్, సైకిలు షాపు ఉన్న ‘నుక్కడ్’ గల్లీ మహబూబ్‌నగర్‌లోనూ మిర్యాలగూడలోనూ ఉంది. భాష వేరైనా బతుకు తెలిసినదే.

తెలుగులో హాస్యానికి హైదరాబాద్ దూరదర్శన్ చోటిచ్చింది. ధర్మవరపు సుబ్రహ్మణ్యానికి ఇంటింటా పేరు తెచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ అక్కడిదే. కానీ ఆ కాలపు తెలుగు ధారావాహికల్లో మాట ఎక్కువగా పాఠ్యపుస్తకాల తెలుగు, కృష్ణా గోదావరి తీరాల తెలుగు. సినిమాల్లోలాగే తెలంగాణ యాస పనివాళ్లకో రౌడీలకో మిగిలేది. ఇదే కాలంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో వేరే పని జరిగింది. పిజ్ అనే ఊళ్లో ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, అక్కడి పల్లె జనం భాషలో, పల్లె జనమే నటించిన ధారావాహికలు పదేళ్లు ఇచ్చారు. 1984లో యునెస్కో దానికి బహుమతి కూడా ఇచ్చింది. పాలమూరుకు టీవీ అంత ముందొచ్చినా పిజ్ లాంటిది రాలేదు. సైట్ వదిలిపోయిన లోటుల్లో పెద్దది అదే.

ఆ లోటు కొంత తీరింది వీడియో వల్ల. ఏషియాడ్ క్రీడలు జరిగిన 1982 తర్వాత వీసీఆర్‌లు చిన్న పట్టణాలకు పాకాయి. జనం వాటిని ‘డెక్కు’ అన్నారు. కొనగలిగినవాళ్లు తక్కువ, కిరాయికి తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. కలర్ టీవీ, డెక్కు, మూడు సినిమా క్యాసెట్లు ఒక రాత్రికి ఒకే కిరాయి. గణేశ్ మండపం దగ్గర, పెండ్లి ఇంట, పురుడు ఇంట రాత్రంతా సినిమాలు ఆడేవి. పట్టణాల్లో ఒకే డెక్కు నుంచి నాలుగు వీధులకు వైరు లాగి సినిమా చూపించిన కుర్రాళ్లే తర్వాత కేబుల్ ఆపరేటర్లయ్యారు.

అప్పట్లో మామూలుగా దొరికిన ఈ-180 క్యాసెట్‌లో అరంగుళం వెడల్పున్న టేపు 258 మీటర్లు ఉంటుంది. ఆడే సమయం మూడు గంటలు, అంటే ఒక తెలుగు సినిమా పోను కొంచెం మిగులుతుంది. క్యాసెట్ వెనుక అంచున ఎడమ మూలకు చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ టేపు మీద మళ్లీ రికార్డు కాదు. మనసు మారితే ఆ సందు మీద సెల్లోటేపు అంటిస్తే చాలు, పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. ఇంట్లో ఏది దాచాలి, ఏది చెరపాలి అన్న తీర్పంతా ఆ చిన్న పలక మీద జరిగేది. ఆదివారం రామాయణం ఎపిసోడు మీద మరుసటి వారం క్రికెట్ ఎక్కేది. పలక విరిచిన క్యాసెట్ చాలా ఇళ్లలో ఒకటే, అది పెండ్లి క్యాసెట్.

పెండ్లి క్యాసెట్ నల్లగొండ, పాలమూరు ఇళ్లలో తొలి సొంత బొమ్మ. ఎర్రటి లైటు పట్టుకున్న పిల్లవాడు, భుజం మీద కెమెరా, ‘ఇటు చూడండి’ అనే కేక, మధ్య మధ్య సినిమా పాటలు, పూలలోంచి వధూవరుల ముఖాలు విచ్చుకునే మిక్సింగులు. పట్నం వాళ్లు వీటిని చూసి నవ్వారు గాని, జాగ్రత్తగా చూస్తే అందులో ఏ స్టూడియో పట్టుకోనిది ఉంది. కూరాడు కుండలు, మైలపోలు, అప్పగింతల పాటలు, కల్లు ముంత ముందు పెద్దమనుషుల మాటలు, చిన్నమ్మ మేనత్తను ఎత్తిపొడిచే మాట, అంతా ఆ ఊరి యాసలోనే ఉంది. దూరదర్శన్‌లో వినపడని భాష బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉండిపోయింది. బొంబాయి, భీవండి, షోలాపూర్‌లకు వలస పోయిన కుటుంబాలకు ఇంటిని మళ్లీ చూసుకునే దారి కూడా అదే.

ధారావాహికలను దాచుకునే అలవాటు సీడీలతో పెరిగింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక తెలుగు హాస్యం వారం వారం దొరికింది. అందులో నిలిచినది ‘అమృతం’. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ వరకు జెమినీ టీవీలో ఆదివారం రాత్రుల్లో 313 ఎపిసోడ్లుగా వచ్చింది. అమృత విలాస్ అనే హోటల్ నడపడానికి కిందా మీదా పడే అమృతరావు, ఆంజనేయులు, వాళ్ల ఇంటి ఓనరు అప్పాజీ, సర్వరు సర్వం. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు పోషించినా చూసేవాళ్లు వదల్లేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మారలేదు, ఇల్లు మారలేదు. కొత్త పథకం వేసి, నమ్మి, మునిగి, మళ్లీ మరుసటి వారం మొదలుపెట్టే చిన్న వ్యాపారి కష్టం జడ్చర్ల, సూర్యాపేట బజార్లకు సొంత కష్టమే.

ఇంత పెద్ద ధారావాహికను దాచడం లెక్కతో కూడిన పని. వీసీడీలో 74 నుంచి 80 నిమిషాల బొమ్మ పడుతుంది, అందుకే సినిమా రెండు, మూడు డిస్కులుగా వచ్చేది. ఎపిసోడు ఇరవై, ఇరవై రెండు నిమిషాలనుకుంటే డిస్కుకు మూడు, మొత్తానికి వందకు పైగా డిస్కులు. క్యాసెట్ మీదైతే ఒక్కోదానిలో ఎనిమిది, అంటే దాదాపు నలభై క్యాసెట్లు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడంతో తెలుగు సినిమాల అసలు డిస్కులు కిరాణా కొట్టు దాకా వచ్చాయి. కురుమూర్తి, చెరువుగట్టు జాతరల్లో దేవుడి పటాల పక్కన సీడీలు పరిచేవారు. అక్కడ సినిమాల కన్నా జానపద పాటలకు, ఒగ్గుకథలకు గిరాకీ బలంగా ఉండేది.

ఇలా ఇళ్లలో దాచడం చిన్న పనేమీ కాదు. టేపు ఖరీదైన కాలంలో ప్రసార సంస్థలు పాతది చెరిపి కొత్తది రాసుకునేవి. బ్రిటన్‌లో బీబీసీ ‘డాక్టర్ హూ’ ధారావాహికలోని 1960ల నాటి ఎపిసోడ్లు 90కి పైగా ఇలాగే పోయాయి. వాటి మాటలు మాత్రం ఈనాటికీ మిగిలాయి, ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకున్న అభిమానుల వల్ల. సైట్ ఏడాదిలో పాలమూరు పల్లెల్లో అలాంటి ఇల్లు ఉండే వీలే లేదు. డబ్బాయే ఊరిది.

‘అమృతం’ పాత ఎపిసోడ్లు తర్వాత యూట్యూబ్‌కు ఎక్కాయి, 2020లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. తెలంగాణ పల్లె హాస్యం 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’తో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి పల్లె యాసలోనే బయటికి వచ్చింది. రాష్ట్రం వచ్చిన 2014లో హైదరాబాద్ దూరదర్శన్ చానల్ ‘యాదగిరి’ అయింది, అప్పటి నల్లగొండ జిల్లాలోని గుట్ట పేరు మీద. 2022 నాటికి దూరదర్శన్ తన పాత తరహా నేల ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నిచోట్లా ఆపేసింది.

వీసీఆర్‌ల తయారీ ప్రపంచంలో 2016తో ఆగిపోయింది. పెండ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణాలు పాత డెక్కులను విడిభాగాలు మారుస్తూ నడుపుతున్నాయి. తడి తగిలిన టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, అలాగే ఆడిస్తే హెడ్డు పాడవుతుంది. ముందు మెత్తటి గుడ్డతో టేపంతా తుడవాలి. ఆ తర్వాత మూడు గంటల క్యాసెట్‌ను ఎక్కించడానికి మూడు గంటలూ పడుతుంది, ఎందుకంటే పెండ్లి మొత్తం మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే.