గోదావరి ఆనకట్టయు, ఇంజనీర్ల సమాజధర్మమును

రాజుల విజయములు శాసనములలో నిలిచినవి. కవుల విజయములు కావ్యములలో నిలిచినవి. ఇంజనీరు విజయము మాత్రము చాలవరకు పేరు లేకయే నిలుచును. కాలువలో నీరు పారుచున్నంతకాలము దానిని త్రవ్వించినవానిని తలచువారరుదు. పారుట మానిన దినముననే అతడు జ్ఞప్తికి వచ్చును. ఈ సామాన్యధర్మమునకు గోదావరి డెల్టా ఒక అపవాదము. ఆ నదిలో స్నానము చేయునపుడు ఒక ఆంగ్లేయుని భగీరథునిగా స్మరించు సంస్కృత శ్లోకమొకటి అచట ప్రచారములో నున్నది. ఆ ఆంగ్లేయుడు సర్ ఆర్థర్ కాటన్. ప్రజలు ఒక్క వ్యక్తిపై చూపిన ఈ కృతజ్ఞత ఉచితమైనదే. కాని ఆ వ్యక్తి వెనుక ఒక వృత్తియు, ఆ వృత్తి వెనుక తరతరముల అనుభవమును, అసంఖ్యాకులైన పనివారును కలరు. గోదావరి ఆనకట్ట చరిత్రను ఆ దృష్టితో పరిశీలించినచో, ఇంజనీరింగు సమాజమునకు ఎట్లు ఉపకరించునో, ఎచట ఉపకరింపజాలకపోవునో రెండును స్పష్టమగును.

త్ర్యంబకము కడ పుట్టి, సుమారు 900 మైళ్లు ప్రవహించి, పాపికొండల నడుమ నుండి వెలువడిన గోదావరి, ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలై సముద్రమున కలియును. పాయల నడుమనున్న నేల ఒండ్రుమట్టి. దానికంటె సారవంతమైన భూమి దక్షిణదేశమున అరుదు. అయినను పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆ భూమి ఆకలికి ఆటపట్టై యుండెను. వర్షర్తువున నది పొంగి పొలములను ముంచివేయుచుండెను. వరద తీసిన పిమ్మట నీరు పల్లమున పారి కడలి చేరుచుండ, గట్టుమీది పైరు ఎండిపోవుచుండెను. నంద్యాల నుండి గంజాము వరకు రైతు ఆకసమువంక చూచినట్లే, ఏటియొడ్డున నున్న రైతును ఆకసమువంకనే చూడవలసి యుండెను.

1832-33 నాటి నందన సంవత్సరపు కరువు తెలుగుదేశమును కలచివైచినది. గుంటూరు మండలమున సుమారు 5 లక్షల జనములో 2 లక్షలవరకు నశించిరని నాటి అంచనాలు తెలుపుచున్నవి. 1839లో వచ్చిన పెనుతుపాను కోరంగి రేవును ధ్వంసమొనర్చెను. రాజమహేంద్రవరపు మండలమున 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గెను. కొందరు మరణించిరి, కొందరు ఊళ్లు విడిచి వలసపోయిరి. మండలమునకు మండలమే క్షీణించుచుండగా జమీందారుల పేష్కషులు బకాయి పడెను; కంపెనీవారి ఆదాయము తగ్గెను.

ఈ నీటిని సేద్యమునకు మళ్లింపవచ్చునని అంతకుముందెవరికిని తోపలేదా? తోచినది. మైఖేల్ టాపింగు అను సర్వేయరు 1790 ప్రాంతముల కృష్ణా గోదావరులను పరిశీలించి, ఆ జలములను పొలములకు పారింపవచ్చునని సూచించి యుండెను. ఆతని ఆధ్వర్యవముననే 1794లో చెన్నపట్టణమున సర్వే పాఠశాల వెలసినది. ఆతడు 1796లో మచిలీపట్టణమున మరణించెను. ఆతని సూచన కాగితములలో నుండిపోయెను. అప్పటికిని ఆనకట్ట నిర్మాణారంభమునకును నడుమ ఇంచుమించు ఏబది సంవత్సరములు గడచినవి. నందన కరువు ఆ ఏబది సంవత్సరములలోనిదే. విద్య యున్నను దానిని వినియోగించు సంకల్పము పాలకులకు లేకున్న కలుగు నష్టమును కొలుచుటకు ఇంతకంటె వేరు కొలబద్ద అక్కరలేదు.

1844లో రాజమహేంద్రవరపు మండలస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ, అచటి దుస్థితికి నీటిపారుదలయే మందని ప్రభుత్వమునకు నివేదించెను. ఆ పనికి నియుక్తుడైనవాడు మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన ఆర్థర్ కాటన్. ఆతడు 1803లో జన్మించి, 1821లో చెన్నపట్టణము చేరెను. గోదావరికి వచ్చుటకు ముందే తంజావూరు మండలమున కావేరిపై ఆతడు గడించిన అనుభవము ఈ కథలో మిక్కిలి ముఖ్యమైనది.

కావేరి నీరు క్రమముగా కొల్లడపు పాయలోనికి జారిపోవుచు తంజావూరు సేద్యమునకు ముప్పు తెచ్చుచుండెను. దానిని నివారించుటకై కాటన్ 1836లో కొల్లడముపై ఎగువను దిగువను రెండు ఆనకట్టలు కట్టించెను. ఆ నది అడుగున ఎంత త్రవ్వినను ఇసుకయే, రాతిపొర తగులదు. అట్టి ఇసుకపై బరువైన కట్టడము నిలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము ఆతనికి ఆంగ్ల గ్రంథములలో లభింపలేదు. కరికాల చోళుని పేర ప్రసిద్ధమైన కల్లణైలో లభించెను. ఇసుకలో రాళ్లు దిగబడుచుండగా మరల మరల రాళ్లు వేయుచు పోయినచో, కొంతకాలమునకు అవి కుదురుకొని కదలని పునాదియగునని ప్రాచీనులు కనిపెట్టిరి. లోతెరుగరాని ఇసుకలో పునాది వేయు పద్ధతిని తాము ఈ దేశపు పూర్వశిల్పుల యొద్దనే నేర్చితిమని కాటన్ దాపరికము లేక అంగీకరించెను. శతాబ్దముల క్రిందటి తమిళ శిల్పుల విద్య ఆ విధముగ తెలుగు నదిని చేరినది.

1844, 1845 సంవత్సరములలో కాటన్ సమర్పించిన నివేదికలలో కరుణ కంటె లెక్కలే హెచ్చు. ఎన్ని ఎకరములు సాగగునో, శిస్తు ఎంత పెరుగునో, కాలువలపై పడవలు నడచిన రవాణా ఖర్చు ఎంత తగ్గునో ఆతడు అంకెలతో నిరూపించెను. ఉపకారము ఆదాయముగా మారునని రుజువైన పిమ్మటనే కంపెనీ డైరెక్టర్ల అనుమతి లభించినది. పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది.

ధవళేశ్వరము కడ నది నాలుగు పాయలుగ చీలియున్నందున ఆనకట్టయు ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ కట్టబడెను. ఈ నాలుగింటి పొడవు కలిసి రెండు మైళ్లకు మించును. నడుమ లంకలపై వేసిన మట్టికట్టలతో చేర్చిన నాలుగు మైళ్లు. ఎత్తు 12 అడుగులు మాత్రమే. నీటిని నిలువ చేయుట దాని ఉద్దేశము కాదు. వేసవి నీటిమట్టమును పెంచి కాలువలలోనికి మళ్లించుటయే దాని పని. ఇసుకలో నూతులు దింపి, వానిపై గోడలు లేపి, గోడల నడుమ ఇసుక నింపి, పైన రాతితో తాపన చేసిరి. పొంగి దుమికిన నీరు అడుగును కోయకుండ దిగువ వైపున పెద్దరాళ్లను ఏటవాలుగ పరచిరి. రాయి ధవళేశ్వరపు కొండనుండియే వచ్చెను; దానిని ఒడ్డునకు చేర్చుటకు ఇనుప పట్టాల బాటను, నీటిపై తరలించుటకు పడవలను ఏర్పరచిరి. వరదలు తీసినది మొదలు మరల వరదలు వచ్చువరకే పని సాగును. ఏటేట సగము కట్టిన గోడ వరదపోటుకు ఎదురు నిలువవలెను. నిలువని భాగము మరుసటి యేడు మరల కట్టవలెను.

ఈ పనిలో సుమారు 10 వేలమంది కూలీలును, వందలకొలది వడ్రంగులును కమ్మరులును పాల్గొనిరి. ఇందరిని కూర్చి, పని పంచి, తగవులు తీర్చి, కూలి చేర్చి నడపించిన భారము చాలవరకు వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగిపై నుండెను. ఆతని సాయమునకు కాటన్ తన నివేదికలలో ప్రశంస నొసగెను; ప్రభుత్వము ఆతనికి రాయ్ బహద్దరు బిరుదునిచ్చి గౌరవించెను. 1848లో కాటన్ ఆరోగ్యము చెడి సెలవుపై వెడలగా, ఆతడు తిరిగివచ్చువరకు కెప్టెన్ ఆర్ పనిని ముందునకు నడపెను. నాయకుడు లేకున్నను పని ఆగలేదనుటయే అది ఒక్కని పని కాదనుటకు నిదర్శనము. వైనతేయపు పాయమీదుగా నగరపు లంకకు నీరు చేర్చుటకై గన్నవరము కడ 49 కమానుల అక్విడక్టును హేగ్ అను యువ ఇంజనీరు నిర్మించెను. కమాను ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. ఏటి మీద మరియొక ఏరు పారుటను చూచి లంకవాసులు పొందిన ఆశ్చర్యము ఊహింపదగినదే.

ఆనకట్ట ఫలితము ఒక తరములోనే కానవచ్చినది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారెను. లాకుల సాయమున వానిపై పడవలు నడచెను. ధాన్యము, కలప, ప్రయాణికులు నీటిదారినే రాకపోకలు సాగించిరి. 1852 నుండి 1855 వరకు కెప్టెన్ ఆర్ బెజవాడ కడ కృష్ణపై ఆనకట్ట కట్టెను. 1876-78 నాటి మహాకరువు మద్రాసు రాజధానిలోని మెట్టమండలములను మ్రింగివేయుచుండగా గోదావరి డెల్టా తాను నిలుచుటయే గాక ఇతర మండలములకు ధాన్యము పంపగలిగెను. నందన కరువున చచ్చిన మండలములకు పొరుగుననున్న సీమ నలువదియైదేండ్లకు అన్నదాత యైనది. రైలుమార్గములపై వెచ్చించు ధనమును కాలువలపై వెచ్చింపుడని వృద్ధుడైన కాటన్ ఇంగ్లండున వాదించెను. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట ఆతని అభిప్రాయములు తీవ్రవిమర్శకు గురియైనవి. ఆతడు 1899లో మరణించెను.

అయితే చరిత్ర స్తోత్రపాఠము కారాదు. పెరిగిన పంటలో పెద్దభాగము శిస్తుగా కంపెనీ ఖజానాకు, పిమ్మట బ్రిటిషు ప్రభుత్వపు ఖజానాకు చేరెను. నీరు పారిన పల్లమునకును, నీరెక్కని మెట్టకును నడుమ సంపదలో అంతరము పెరిగెను. నీటిని తెచ్చు కాలువలపై చూపిన శ్రద్ధ నీటిని వెడలించు మురుగుకాలువలపై చూపబడలేదు. 1960 దశకమున ఎ. సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘము కృష్ణా గోదావరి డెల్టాల మురుగునీటి సమస్యను పరిశీలింపవలసి వచ్చెను. లెక్కలలో చేరినదే నిర్మింపబడును. చేరనిది తరువాతి తరముపై ఋణముగ మిగులును. ఇది ఇంజనీర్లు తమ వృత్తిచరిత్ర నుండి గ్రహింపవలసిన మొదటి పాఠము.

రెండవ పాఠము విద్యకు సంబంధించినది. టాపింగు నాటి సర్వే పాఠశాల పెరిగి 1859 నాటికి ఇంజనీరింగు కళాశాల యైనది. అదియే నేటి గిండీ కళాశాల. తొలినాళ్ల సైనిక ఇంజనీర్ల స్థానమున క్రమముగా ఈ దేశపు విద్యావంతులు నిలిచిరి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నప్పుడు, నైజాము ప్రభుత్వము పిలిచినది మోక్షగుండం విశ్వేశ్వరయ్యనే. నగరములో గోడలెత్తించుటతో సరిపుచ్చక, ఎగువను జలాశయములు కట్టి వరదను మూలమున అరికట్టవలెనని ఆయన నిర్ణయించెను. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైనవి. ప్రాణము తీసిన నీరే త్రాగునీరైనది. ఆ 1920లోనే భారత ఇంజనీర్ల సంస్థయు వెలసి, చెదరియున్న వృత్తిజనులకు ఒక వేదిక నేర్పరచినది. 1955లో శంకుస్థాపనము జరిగి 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము వేలాది స్త్రీపురుషుల చేతులమీదుగ లేచిన రాతికట్టడము. దాని జలములలో మునుగనున్న నాగార్జునకొండ శిథిలములను పురావస్తు శాఖవారు త్రవ్వి, పదిలముగ తరలించి నిలిపిరి. ఇల్లు పొలము విడిచిన గ్రామీణుల విషయమునను అంతటి శ్రద్ధ అవసరమేయని తరువాతి అనుభవము నేర్పినది.

పాత ధవళేశ్వరపు ఆనకట్ట శతాబ్దమునకు పైగా సేవచేసినది. దాని స్థానమున 1970లో ఆరంభమై 1982 నాటికి పూర్తియైన బారేజికి కాటన్ పేరే పెట్టిరి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినపుడు ఆ కట్టడము నిలిచినది. కాని దిగువను ఏటిగట్లు తెగి లంకలును, గ్రామములును మునిగినవి. గొప్ప కట్టడము ప్రక్కన గట్టు బలహీనమైనచో ప్రజలకు రక్షణ లేదని ఆ యేటి వరద మరియొకసారి తెలిపెను.

పాత ఆనకట్ట దిగువను పరచిన రాళ్లను వరద కొట్టుకొనిపోవుటయు, వేసవిలో ఆ లోటును పూడ్చుటయు ఏటేటి పనియై యుండెను. ఆ పనికి ప్రారంభోత్సవములు లేవు, శిలాఫలకములు లేవు. ఒక ఇంజనీరు బదిలీయై పోవునపుడు మరియొకడు ఆ లెక్కపుస్తకమును అందుకొనెను. మేస్త్రీ కుమారుడు మేస్త్రీ యయ్యెను. ఒక్క వేసవి ఆ పని మానినను, పునాది క్రింది ఇసుక కదలియుండెడిది. కాటన్ కట్టినదానిని నూరేండ్లు నిలిపినవారు వీరు. గోదావరి డెల్టాలో పండిన ప్రతి గింజలోను వీరి పాలును కలదు.