తోకచుక్క - గురజాడ - ప్రభుత్వం

1910 మే నెలలో భూమి హేలీ తోకచుక్క తోకలోంచి సాగిపోతుందన్న వార్త ప్రపంచాన్ని భయపెట్టింది. తోకలో విషవాయువు ఉందన్నారు. మన ఊళ్లలో అరిష్టమన్నారు. హైదరాబాదు నిజామియా వేధశాల 1908లోనే ప్రభుత్వం చేతికి వచ్చింది. కాని దాని పని నక్షత్రాల పటం తయారీ. జనం భయం తీర్చే పని ఒక కవి చేశాడు. అదే ఏడు ‘ముత్యాల సరములు’లో గురజాడ తోకచుక్కను సంఘసంస్కరణకు శుభసూచకంగా చూశాడు.

1979 జూలైలో స్కైలాబ్ కూలుతుందంటే తెలంగాణ పల్లెలు మళ్లీ వణికాయి. వార్త చేరింది, వివరణ చేరలేదు. అది 11న హిందూమహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది.

నేడు విధానాలున్నాయి. 1998లో అమెరికా కిలోమీటరుకు మించిన గ్రహశకలాల వెతుకులాటకు లక్ష్యం పెట్టుకుంది. 2022లో డార్ట్ నౌక డైమోర్ఫస్ శకలాన్ని ఢీకొని దాని కక్ష్యను మార్చింది. అయితే 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన శకలాన్ని ఎవరూ ముందుగా చూడలేదు. వెలుగు చూసి జనం కిటికీల దగ్గర చేరారు. వెనకే వచ్చిన పేలుడు తరంగానికి అద్దాలు పగిలి గాయపడ్డవారే ఎక్కువ. వారికి కావలసింది రాకెట్టు కాదు, ఒక్క వాక్యం: కిటికీ దగ్గరికి పోవద్దు.

ఆకాశాన్ని కనిపెట్టి ఉండటం విధానంలో ఒక సగం. కనిపెట్టినదాన్ని జనభాషలో చెప్పడం రెండో సగం. దానికి మన సాహిత్యంలో గురజాడ వేసిన బాట ఉంది. దాన్ని పూడిపోనివ్వరాదు.