డకోటా ఆవాజ్

మా దాదాకి గడియారం ఉండేది కాదు. నాయుడుపేటలో సైకిళ్ళ మరమ్మతు దుకాణం ఆయనది. ఇషా నమాజ్ అయ్యాక, అన్నం తిని, అరుగు మీద చాప పరుచుకుని పడుకునేవాడు. రాత్రి ఒక వేళకి దక్షిణం వైపు నుంచి ఆకాశంలో గుర్రుమని ఆవాజ్ మొదలయ్యేది. "మద్రాస్ జహాజ్ పోతావుంది, ఇంక దీపం ఆర్పండి" అనేవాడట. తెల్లారుజామున, ఫజర్ అజాన్‌కి ముందు, అదే ఆవాజ్ ఉత్తరం నుంచి తిరిగొచ్చేదట. ఈ ఖిస్సా మా ఫుప్పూ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

నేను మాత్రం చాలా ఏళ్ళు దీన్ని గప్పాలనుకున్నాను. మా ఊరికి రైలుంది, బస్సులున్నాయి, స్వర్ణముఖి ఉంది. ఏరోడ్రోమ్ ఎక్కడిది? ఆ కాలంలో రాత్రిపూట మా ఊరి మీదుగా విమానం ఎందుకు పోతుంది?

ఒకరోజు మ్యాప్ ముందేసుకుని స్కేలు పెట్టి చూశాను. మద్రాస్ మీనంబాకం నుంచి హైదరాబాద్ బేగంపేటకి సూటిగా గీత గీస్తే, అది నాయుడుపేటని దాదాపు తాకుతూ పోతుంది. మద్రాస్ నుంచి నాగపూర్‌కి గీస్తే, కాస్త తూర్పుగా దొరవారిసత్రం వైపు నుంచి పోతుంది. దాదా చెప్పింది నిజమే!

ఆ రాత్రి జహాజ్ సంగతి తారీఖ్ పుస్తకాల్లో ఉంది. 1949 జనవరిలో మన దేశంలో రాత్రి విమాన తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాస్ నుంచి రాత్రిపూట ఒక్కో విమానం బయల్దేరేది. నాలుగూ నడిరాత్రికి నాగపూర్‌లో కలుసుకునేవి. అక్కడ తపాలా సంచులు మార్చుకుని, తెల్లారేసరికి ఎక్కడివక్కడికి వాపస్ వచ్చేసేవి. రైల్లో రోజుల తరబడి సఫర్ చేసే ఖత్ ఒక్క రాత్రిలో దేశం దాటేసేది. ఆ పని చేసినవి డకోటాలు.

డకోటా అసలు పేరు డగ్లస్ డీసీ-3. అమెరికాలో 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫౌజు కోసం పదివేలకు పైగా తయారయ్యాయి. జంగ్ ముగిశాక మన దేశంలో మిగిలిపోయినవాటిని కొత్త విమాన కంపెనీలు కొనుక్కున్నాయి. బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మిస్త్రీలు ఫౌజీ బండిని ముసాఫిర్ల బండిగా మార్చారు.

అలాంటి కంపెనీల్లో మనదీ ఒకటుంది, డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం హుకూమత్, టాటా వాళ్ళు కలిసి 1945లో పెట్టారు. బేగంపేట దాని ఇల్లు. మద్రాస్ నుంచి హైదరాబాద్, నాగపూర్, భోపాల్ మీదుగా ఢిల్లీ దాకా దాని డకోటాలు నడిచాయి. ప్రేమ్ మాథుర్ అనే యువతి 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తీసుకుంది. ఔరత్ అని ఎనిమిది కంపెనీలు ఆమెను కాదన్నాయంటారు. ఉద్యోగం ఇచ్చింది డెక్కన్ ఎయిర్‌వేస్. ప్రయాణికుల విమానం నడిపిన మొదటి భారతీయ మహిళ బేగంపేట నుంచి ఎగిరిందని మన పిల్లల్లో ఎందరికి మాలూమ్?

ఆ ఆసమాన్‌లో వేరే జహాజ్‌లు కూడా తిరిగాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వాడు లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిళ్ళు హైదరాబాద్ రియాసత్‌కి హథియార్లు దొంగచాటుగా మోశాడు. లాంకాస్ట్రియన్ కూడా ముసాఫిర్ల విమానమే, లాంకాస్టర్ బాంబర్‌ని మార్చి చేసింది. సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలై 17న ముగిసింది. ఆ తర్వాత మామూలు ముసల్మాన్ల మీద పడిన ముసీబత్‌కి ఆ విమానాలెక్కినవాళ్ళు జవాబు చెప్పలేదు. 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇంత పాత బండి మీద మనుషులకి ఇంకా మొహబ్బత్ ఎందుకు? దాని మిజాజే వేరు. నేల మీద నిలబడితే తోక కిందికి, ముక్కు పైకి ఉంటుంది. సీటు దాకా ముసాఫిర్ గుట్ట ఎక్కినట్టు నడవాలి. ఒక్కో ఇంజన్‌లో పద్నాలుగు సిలిండర్లు చక్రంలా గుండ్రంగా అమర్చి ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు కింది సిలిండర్లలోకి ఆయిల్ దిగుతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్ రెక్కలు చేత్తో తిప్పుతారు. తిప్పకపోతే ఇంజన్ విరిగే ఖత్రా ఉంది. స్టార్ట్ కాగానే భుగ్గున తెల్ల పొగ, తర్వాత ఒక్కో సిలిండర్ దగ్గుతూ లేస్తుంది. లోపల గాలి బిగించే ఏర్పాటు లేదు కాబట్టి మబ్బులకి దిగువనే ఎక్కువగా ఎగురుతుంది. చెరువులు, కాలువలు, ఎడ్లబండ్లు కనిపిస్తాయి. కిందనున్నవాడికి దాని ఆవాజ్ వినిపిస్తుంది. దాని ఉమర్ రహస్యం కూడా ఇదే. జెట్ విమానం ఎగిరిన ప్రతిసారీ బెలూన్‌లా లోపలి నుంచి ఒత్తిడి తింటుంది, లోహం అలసిపోతుంది. డకోటాకి ఆ బాధ లేదు. తుప్పు పట్టకుండా చూసుకునే మంచి మిస్త్రీ దొరికితే చాలు. సైకిళ్ళ మిస్త్రీ అయిన దాదా ఈ మాటకి ఖుష్ అయ్యేవాడు.

మన వాయుసేన దగ్గర ఒకటి ఇప్పటికీ ఎగురుతుంది. రాజీవ్ చంద్రశేఖర్ తన తండ్రి, డకోటా పైలట్ ఎం.కె. చంద్రశేఖర్ పేరు మీద ఇంగ్లండ్‌లో బాగు చేయించి తోఫాగా ఇచ్చారు. అది 2018లో మన దేశానికి ఎగురుకుంటూ వచ్చింది. పేరు పరశురామ, నంబర్ వీపీ 905. 1947 అక్టోబర్ 27న సిపాయిలతో శ్రీనగర్‌లో దిగిన డకోటా నంబర్ అది. బండి మాత్రం వేరేది, నంబరే యాద్‌గార్.

పాత విమానం ఎగరడం ఎప్పుడూ సర్దా కాదు. అదే 2018 ఆగస్ట్ 4న స్విట్జర్లాండ్ పర్వతాల్లో షౌఖ్ ప్రయాణికులతో పోతున్న పాత యుంకర్స్ 52 కూలిపోయింది. ఇరవై మంది ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. పర్వతాల మధ్య పైలట్లు తీసుకున్న ఖత్రా ముఖ్య కారణమని దర్యాప్తు చెప్పింది. బండి నిర్వహణలోని లోపాలనూ ఎత్తి చూపింది. దాన్ని ఎగరనివ్వాలంటే ఆయిల్‌తో పాటు హకీకత్ కూడా చూసుకోవాలి.

నాకు చరిత్ర కూడా అలాగే అనిపిస్తుంది. డెక్కన్ ఎయిర్‌వేస్ గురించి కొందరు నిజాం షాన్ అని మాత్రమే రాస్తారు, కొందరు అసలు రాయరు. ప్రేమ్ మాథుర్‌నీ చెప్పాలి, కాటన్ హథియార్లనీ చెప్పాలి, ఖాకీ సంచుల్లోని ఖత్‌లనీ చెప్పాలి.

ఖత్‌ల మాట చెప్పి ముగిస్తాను. మా చిన్న దాదా హైదరాబాద్‌లో ఒక ప్రెస్‌లో అక్షరాలు పేర్చేవాడు. పోలీస్ యాక్షన్ తర్వాత నెలల తరబడి ఆయన ఖబర్ లేదు. ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నారు. 1949లో బొంబాయి నుంచి ఒక కార్డు వచ్చింది. బతికే ఉన్నాడు, అక్కడ పని దొరికింది. అప్పటి నుంచి దాదాకి ఆ రెండు ఆవాజ్‌లకీ మతలబ్ ఏర్పడిందట. రాత్రి పోయే జహాజ్‌లో మా జవాబు, ఫజర్‌కి ముందు వచ్చే జహాజ్‌లో తమ్ముడి ఖత్. నిద్రలో ఉన్నా ఆవాజ్ వినపడగానే లేచి కూర్చునేవాడని ఫుప్పూ అంటుంది.

ఇప్పుడు మా ఊరి మీద చెన్నై జెట్‌లు ఎంతో ఎత్తులో పోతాయి, ఎవరూ తలెత్తి చూడరు. శ్రీహరికోట రాకెట్ లేస్తే మాత్రం మిద్దెలెక్కుతాం. మీ ఇళ్ళల్లో ఆ డకోటా ఆవాజ్ విన్న బుజుర్గులు ఇంకా ఉంటే, దోస్తులారా, ఈ వారమే అడిగి రాసి పెట్టుకోండి. మా ఫుప్పూకి ఎనభై దాటాయి. నేను ఆలస్యంగా అడిగాను.