మచ్చు ఎవరు తీశారు? గుంటూరు సీమలో కల్తీని కొలిచిన చరిత్ర

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పండే పత్తికీ మిర్చికీ ధర కట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు లెక్కకు వచ్చేది గోతంలోంచి తీసే పిడికెడు సరుకు. మార్కెట్ యార్డుల్లో దానినే మచ్చు అంటారు. ఆ పిడికెడు బస్తా మొత్తానికి ప్రతినిధి అన్న నమ్మకం మీదే వ్యాపారం నడిచింది గనుక, ఈ ప్రాంతంలో సరుకు నాణ్యత చరిత్రను పరిశీలించేవారు కల్తీ ఎంత ఉందన్న ప్రశ్నతోపాటు, మచ్చును ఎవరు, ఏ చోటినుంచి తీశారన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంటుంది.

అమెరికా అంతర్యుద్ధం (1861-65) వల్ల అక్కడి పత్తి ఆగిపోయి, ఇంగ్లండు మిల్లులు భారతదేశపు దూది వైపు చూసినప్పుడు, ఆ దూదిలో మట్టి, గింజలు, ఆకు ముక్కలు ఎక్కువన్న ఫిర్యాదు బలపడింది. బొంబాయి ప్రభుత్వం 1863లో పత్తి మోసాలపై ప్రత్యేక చట్టమే చేసింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో పండి, కాకినాడ రేవు పేరుతో 'కోకనాడా' అని వ్యవహారంలోకి వచ్చిన పత్తికి సహజంగానే ఎర్రమట్టి ఛాయ ఉండేది. రంగు చూసి మలినాన్ని అంచనా వేసే కంటికి అటువంటి రకం చిక్కు తెచ్చిపెట్టే సరుకే. శిక్షతో కల్తీ ఆగదని ప్రభుత్వం క్రమంగా గ్రహించినట్లు తర్వాతి చట్టాలు సూచిస్తున్నాయి. 1923 నాటి పత్తి రవాణా చట్టం ఒక ప్రాంతపు పత్తిని మరో ప్రాంతానికి తెచ్చి కలపడాన్ని అడ్డుకోవడానికి ఉద్దేశించింది కాగా, 1925 నాటి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం ప్రతి బేలు మీద ప్రెస్సు గుర్తును, వరుస సంఖ్యను తప్పనిసరి చేసి, దోషం బయటపడినప్పుడు ఆ బేలు ఏ ఫ్యాక్టరీదో తెలిసే వీలు కల్పించింది. ఈ రెండింటి మధ్య, 1924లో, బొంబాయిలోని మాటుంగాలో పత్తి సాంకేతిక ప్రయోగశాల వెలిసింది.

అయితే ఈ చట్టాలన్నీ కొనుగోలుదారుని నష్టాన్ని తలచినవే. మచ్చు పేరుతో రైతు ఎంత పోగొట్టుకుంటున్నాడో చెప్పినది 1928లో నివేదిక సమర్పించిన రాయల్ వ్యవసాయ కమిషన్. బేరం కుదరకపోయినా మచ్చు పేరిట సరుకు తీసుకుని, దానికి డబ్బు ఇవ్వకపోవడాన్ని అది మార్కెట్ల అక్రమాలలో ఒకటిగా లెక్కించింది. మద్రాసు రాష్ట్రంలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి మార్కెట్ల చట్టం ఆ దారిలో వచ్చినవే.

దూదిలో మలినం రెండు తీరులు. ఆకు, పెంకు, మట్టి వంటి చెత్త ఒకటి. గాలి విసురుతో దూదిని, చెత్తను వేరుచేసే షర్లీ అనలైజర్ అనే యంత్రం దానిని తూచి శాతంగా చెప్పగలదు. వెంట్రుకలు, గోతాల పురికొస, ప్లాస్టిక్ సంచుల పోగులు, రంగు గుడ్డ పీలికలు రెండవ తీరు. బరువులో అత్యల్పమైనా, నూలులో కలిసి అద్దకం పట్టక బట్టను పాడుచేసేవి ఇవే. అంతర్జాతీయ వస్త్ర ఉత్పత్తిదారుల సమాఖ్య సర్వేలలో భారత దూదికి చెడ్డపేరు తెచ్చినవి ఎక్కువగా ఈ రెండవ తీరువే. 2000లో మొదలైన పత్తి సాంకేతిక మిషన్ యార్డులను, జిన్నింగు మిల్లులను బాగుచేయడానికి పూనుకున్నది కూడా ఇందుకే. 1980ల మధ్యలో ఈ జిల్లాల పత్తిని ముంచెత్తిన తెల్లదోమ మరో రకం మలినాన్ని చూపింది: దాని విసర్జన వల్ల దూది జిగురై, మసి పట్టింది. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కాంచన అనే పత్తి రకం ఆ దోమను తట్టుకోవడానికి రూపొందినదే.

మిర్చి విషయంలో వేరుచేసే పని కల్లంలోనే మొదలవుతుంది. ఎండిన కాయలలోంచి రంగు పోయిన తాలు కాయలను, మచ్చ పడినవాటిని చేతితో ఏరేది ఎక్కువగా ఆడకూలీలు. ధర నిర్ణయించే తొలి కొలత వారి వేళ్లదే అయినా, గ్రేడుల నిబంధనలలో వారి ప్రస్తావన కానరాదు. టిక్కీలు అనే మిర్చి బస్తాలు యార్డుకు చేరాక వ్యాపారి గోతం కోసి మచ్చు తీసి, రంగు, నిమ్ము, తాలు శాతం చూసి ధర చెబుతాడు. ప్రమాణాలలో నిమ్ము 11 శాతం మించరాదని ఉన్నా, వేలంలో దానిని అరచేతి స్పర్శే ఎక్కువగా నిర్ణయించింది.

చేతికి, కంటికి అందని కల్తీ 2003లో బయటపడింది. మైనాలకు, నూనెలకు వాడే సుడాన్-1 అనే రంగు భారతదేశం నుంచి వెళ్లిన కారంపొడిలో ఫ్రాన్స్‌లో కనబడగా, ఆ ఏడాది జూన్‌లో యూరోపియన్ కమిషన్ పరీక్షా పత్రం లేని సరుకును నిరాకరించింది. సుగంధద్రవ్యాల బోర్డు ఎగుమతికి ముందే మచ్చు తీసి పరీక్షించడాన్ని తప్పనిసరి చేసింది. బూజు పుట్టించే విషమైన అఫ్లాటాక్సిన్ మరీ చిక్కైనది, ఎందుకంటే అది సరుకంతటా సమంగా ఉండదు. నూరు కాయలు శుభ్రంగా ఉండి, ఒక్క కాయలోనే విషం పేరుకుపోవచ్చు. అందుకే యూరప్ 2006 నాటి నిబంధనలలో, పెద్ద మసాలా సరుకునుంచి 100 చోట్ల కొద్దికొద్దిగా తీసి, ఒకే మచ్చుగా కూర్చాలని విధించింది. ప్రయోగశాలలలో అటువంటి రాశిని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని తీసివేసి, మిగిలినదాన్ని మళ్లీ కలిపి, చివరకు పరీక్షకు సరిపడేంత మిగిల్చే పద్ధతి ఉంది.

విదేశీ వినియోగదారుని కోసం 100 చోట్ల మచ్చు తీయాలన్న నియమం ఉండగా, రైతు బస్తాకు ఒక్క కోతతో, అదీ కొనేవాని చేతితో, తీర్పు చెప్పడం న్యాయం కాదు. యార్డులో మచ్చు తీసే పనిని కొనుగోలుదారుకు, అమ్మకందారుకు ఇద్దరికీ చెందని ఉద్యోగికి అప్పగించి, ఎన్ని బస్తాలకు ఎన్ని చోట్ల తీయాలో నిబంధనలలో రాసి, ఆ పట్టికను వేలం జరిగే చోట తెలుగులో అంటించవలసిన బాధ్యత మార్కెట్ కమిటీలదే.