సంవత్సరాంతపు పోటీ: ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్ పుట్టుపూర్వోత్తరాలు

ఇరవయ్యేళ్లలోపు ఆటగాళ్లతో కూడిన జాతీయ జట్లకు అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఏటా నిర్వహించే ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్ మామూలుగా డిసెంబర్ 26న, అంటే క్రిస్మస్ మర్నాడు, ఆరంభమై జనవరి మొదటివారంలో ముగుస్తుంది. సెలవుల కాలం కావడం ప్రేక్షకుల రీత్యా ఈ పోటీకి కలిసివచ్చిందనడంలో సందేహం లేదు. అయితే సంవత్సరం మారే రోజు పోటీ నడుమన పడడం వల్ల, ఒక పేరుతో మంచు మీదికి దిగిన జట్టు మరో పేరుతో ఆట ముగించిన ఘటన వరుసగా రెండేళ్లు జరిగింది.

ఈ పోటీకి బీజం 1974 నాటి లెనిన్‌గ్రాడ్ పోటీలో ఉంది. సోవియట్ యూనియన్, ఫిన్లాండ్, కెనడా, స్వీడన్, అమెరికా, చెకోస్లొవాకియా జట్లు ఆహ్వానం మీద పాల్గొన్న ఆ పోటీకీ, తరువాతి రెండేళ్ల పోటీలకూ అధికారిక హోదా లేదు. ఆ హోదా 1977లో, చెకోస్లొవాకియాలోని బాన్‌స్కా బిస్ట్రిత్సా, జ్వోలెన్ పట్టణాల్లో ఎనిమిది జట్లు తలపడినప్పుడు దక్కింది. అనధికారికంగా జరిగిన మూడింటితోపాటు మొదటి నాలుగు అధికారిక పోటీల్లోనూ సోవియట్ జట్టే విజేత.

ఆ ఆధిపత్యానికి సోవియట్ శిక్షణ ఎంత కారణమో, కెనడా పద్ధతి కూడా అంతే కారణమని చెప్పాలి. ఈ ఆటను ప్రాణంగా చూసుకునే ఆ దేశం లెనిన్‌గ్రాడ్‌కు పీటర్‌బరో పీట్స్ అనే జూనియర్ క్లబ్బును పంపింది; ఆ తరువాత కూడా చాలా ఏళ్లు ఎక్కువగా ఏదో ఒక క్లబ్బే దేశానికి ప్రాతినిధ్యం వహించింది. 1978లో స్వదేశంలో ఆడినప్పుడు మాత్రం ఏరికూర్చిన జట్టును దింపగా, పదహారేళ్ల వేన్ గ్రెట్‌స్కీ 17 పాయింట్లతో (సొంత గోల్స్, సహచరుల గోల్స్‌కు తోడ్పడిన అందింపులు కలిపి ఇచ్చే లెక్క ఇది) అందరికన్నా ముందు నిలిచాడు. అయినా కెనడాకు దక్కింది కాంస్యమే. నిలకడగా జాతీయ జట్టును ఎంపిక చేసే కార్యక్రమం మొదలైన 1982లోనే కెనడాకు తొలి స్వర్ణం వచ్చింది.

1987లో చెకోస్లొవాకియాలోని పీష్చానీలో కెనడా, సోవియట్ జట్ల మధ్య కుమ్ములాట చెలరేగగా, దాన్ని ఆపడానికి నిర్వాహకులు మైదానంలో దీపాలార్పారు. చీకట్లో కొట్లాట ఆగుతుందని వారెలా భావించారో ఊహకందదు. అది ఆగలేదు, రెండు జట్లనూ పోటీ నుంచి తొలగించారు. ప్రతి జట్టూ మిగతావాటన్నిటితో ఆడి, మొత్తం పాయింట్లను బట్టి విజేత తేలే పద్ధతి అప్పటిది కనుక స్వర్ణం ఫిన్లాండ్‌కు చేరింది. 1996లో జట్లను పదికి పెంచి, ఫైనల్‌తో ముగిసే నాకౌట్ దశను ప్రవేశపెట్టారు.

పేర్ల మార్పు ఈ రెండింటి మధ్యకాలంలో జరిగింది. 1991 డిసెంబర్ 26న జర్మనీలోని ఫ్యూసెన్‌లో పోటీ మొదలైన రోజునే మాస్కోలో సోవియట్ యూనియన్ రద్దయినట్లు ప్రకటన వెలువడింది. సోవియట్ పేరుతో ఆట ప్రారంభించిన జట్టు, జనవరి నుంచి స్వతంత్ర రాజ్యాల కామన్‌వెల్త్ పేరుతో ఆడి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు స్వీడన్‌లోని యేవ్లేలో చెకోస్లొవాకియా జట్టు ఆడుతుండగానే, 1993 జనవరి 1న ఆ దేశం రెండుగా విడిపోయింది. ఆ జట్టు పేరు మార్చుకుని, ఉమ్మడి జట్టుగానే కొనసాగి కాంస్యం అందుకుంది. అగ్రశ్రేణిలోని స్థానం చెక్ జట్టుకు వారసత్వంగా దక్కగా, స్లొవాకియా కింది శ్రేణి నుంచి మొదలుపెట్టి 1996 నాటికి పైకి ఎగబాకింది.

కోవిడ్ కారణంగా 2021 డిసెంబర్‌లో మధ్యలోనే ఆగిపోయిన పోటీని 2022 ఆగస్టులో ఎడ్మంటన్‌లో మళ్లీ మొదటి నుంచి ఆడించేనాటికి, ఉక్రెయిన్‌పై దాడి ఫలితంగా రష్యా బహిష్కృతమై ఉంది. 2023లో నోవోసిబిర్‌స్క్, ఓమ్‌స్క్ నగరాల్లో జరగవలసిన పోటీ కూడా కెనడాలోని హాలిఫాక్స్, మాంక్టన్‌లకు తరలింది. ఎడ్మంటన్‌లో రష్యా స్థానాన్ని ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగమైన లాత్వియా భర్తీ చేసి, తొలిసారి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. 2024 డిసెంబర్ 27న ఒట్టావాలో అదే లాత్వియా, ఇరవై స్వర్ణాల కెనడాను షూటౌట్‌లో 3–2 తేడాతో ఓడించింది.