వారానికొక షిల్లింగు: రాయల్ సొసైటీ సభ్యత్వ చందా చరిత్ర

విద్వత్సంఘాల చరిత్ర రాసేవారు వాటి పరిశోధనలకు ఇచ్చిన చోటు జమాఖర్చులకు ఇవ్వరు. కాని సభ్యుడి నుంచి ఎంత తీసుకోవాలన్న ప్రశ్న, ఎవరు సభ్యుడిగా నిలవగలడన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుంది. లండన్‌లోని రాయల్ సొసైటీ చందా చరిత్రలో ఈ ముడి స్పష్టంగా కనిపిస్తుంది.

1660 నవంబరు 28న గ్రేషమ్ కళాశాలలో క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం ముగిశాక 12 మంది సమావేశమై ఈ సంఘానికి పునాది వేశారు. ప్రవేశ రుసుము 10 షిల్లింగులు, చందా వారానికొక షిల్లింగు అని ఆనాడే నిర్ణయించారు. సమావేశానికి వచ్చినా రాకపోయినా చెల్లించవలసిందే. ఈ షరతు కీలకమైనది. చందా ఇక్కడ హాజరుకు మూల్యం కాదు, సభ్యత్వంతో వచ్చే బాధ్యత. రెండవ చార్లెస్ 1662లో అధికారపత్రం ఇచ్చాడే గాని స్థిరమైన ఆదాయం కల్పించలేదు. పేరులో రాచరికం ఉన్నా ఖర్చు సభ్యులదే. ఏడాదికి 2 పౌండ్ల 12 షిల్లింగులు చాలామంది సకాలంలో కట్టలేదు, బకాయిలు పేరుకుపోయాయి.

ఐజాక్ న్యూటన్ 1672లో సభ్యుడయ్యాడు. మరుసటి ఏడే, కేంబ్రిడ్జి నుంచి సమావేశాలకు రాలేనంటూ వైదొలగడానికి సిద్ధపడ్డాడు. కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ చందా మినహాయింపు ఇప్పిస్తానన్నాడు. 1675 జనవరిలో పాలకమండలి మినహాయింపు మంజూరు చేసింది. అప్పటికి న్యూటన్ ఆచార్యుడే. అయితే మతాచార్య దీక్ష తీసుకోనందువల్ల ట్రినిటీ కళాశాల ఫెలోషిప్ పోయే ప్రమాదంలో ఉన్నాడు. పాలకమండలి నియమాన్ని మార్చలేదు, కొందరిని మాత్రం దాని నుంచి తప్పించింది.

ధనలేమి ప్రభావం గ్రంథ ప్రచురణపైనా పడింది. 1686లో ఫ్రాన్సిస్ విల్లోబీ రచించిన చేపల గ్రంథం ముద్రణకు సంఘం భారీగా వ్యయం చేసింది. న్యూటన్ 'ప్రిన్సిపియా' వంతు వచ్చేసరికి ఖజానా ఖాళీ. 1687లో ఆ గ్రంథాన్ని ఎడ్మండ్ హాలీ సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. ఆయనకు రావలసిన జీతానికి బదులుగా సంఘం ఇచ్చినవి అమ్ముడుపోని ఆ చేపల గ్రంథపు ప్రతులే!

1703లో అధ్యక్షుడైన న్యూటన్ హయాంలో చందాల వసూలు కట్టుదిట్టమైంది. ఒకప్పుడు మినహాయింపు పొందినవాడి చేతనే ఇది జరగడం విచిత్రంగా తోస్తుంది. కాని ఖాళీ ఖజానా ఫలితం ఆయనకు తెలియనిది కాదు.

వారపు చందా కాలక్రమంలో వార్షిక చందాగా మారి 4 పౌండ్లకు చేరింది. ప్రవేశ రుసుము 10 పౌండ్లయింది. సంపన్నుడు కాని శాస్త్రవేత్తకు ఇది భారమే. భారతదేశపు మొక్కలపై బృహద్గ్రంథం వెలువరించిన జోసెఫ్ హుకర్ అధ్యక్షతన 1878లో, సంపన్న సభ్యుల విరాళాలతో రుసుము తగ్గింపు నిధి ఏర్పడింది. 1675 నాటి వ్యక్తిగత మినహాయింపు కన్నా ఇది న్యాయమైన మార్గం. ఎవరూ తమ ఇబ్బందిని పాలకమండలికి విన్నవించుకోనక్కరలేదు. ఆ నిధి ఆసరాతో ప్రవేశ రుసుము రద్దయింది, వార్షిక చందా 3 పౌండ్లకు తగ్గింది.