బడి లెక్కల్లో పిల్లల పేర్లు

ఇండియాలో చదువుకునే రోజుల్లో ఊరు మారి, టి.సి. కోసం హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. పాత బడిలో పేరు కొట్టేస్తారు, కొత్త బడిలో ఇంకా ఎక్కదు. అలా మధ్యలో జారిపోయే పిల్లల్ని మన దేశం ఎలా లెక్కపెట్టిందో ఈ వారం చెప్పుకుందాం.

మొదటి అఖిల భారత విద్యా సర్వే 1957లో జరిగింది. ఎనిమిదోది 2009లో. అంటే 52 ఏళ్ళలో ఎనిమిదిసార్లు. 1994లో డి.పి.ఇ.పి. పథకం మొదలై జిల్లాల వారీగా డబ్బు ఇవ్వవలసి వచ్చేసరికి, ఏటేటా లెక్కలు కావలసి వచ్చాయి. ఢిల్లీలోని నీపా సంస్థ యూనిసెఫ్ సాయంతో 'డైస్' అనే పద్ధతి తయారుచేసింది. ముందు 7 రాష్ట్రాల్లో 42 జిల్లాలు. 2012-13లో హైస్కూళ్ళను కూడా కలిపి 'యు-డైస్' చేశారు. ప్రతి బడికీ 11 అంకెల కోడు వచ్చింది.

బడికి కోడు వచ్చింది కానీ పిల్లలకి రాలేదు. హెడ్మాస్టరు సెప్టెంబరు 30 నాటి మొత్తాలు రాసి పంపేవారు. డేటాబేసులతో పనిచేసే నాలాంటివాడికి ఇందులో చిక్కు వెంటనే కనిపిస్తుంది. అయిదో తరగతిలో 40 మంది, మరుసటేడు ఆరులో 31 మంది అనుకోండి. ఆ తొమ్మిది మంది ఎవరో మొత్తాలు చెప్పవు. పాలమూరులో పంట పనులయ్యాక తల్లిదండ్రులతో వలసపోయే పిల్లవాడు సెప్టెంబరు లెక్కలో ఉంటాడు, సంక్రాంతికి బడిలో ఉండడు.

2018-19లో లెక్కలు ఆన్‌లైన్‌కి మారాయి. 2022-23 నుంచి ఒక్కొక్క విద్యార్థి వివరం విడిగా తీసుకుంటున్నారు. అంతకుముందు 26 కోట్లు దాటిన సంఖ్య ఆ ఏడు 25.17 కోట్లకు, మరుసటేడు 24.80 కోట్లకు దిగింది. అంతమంది బడి మానేశారని కాదు. లెక్కించే పద్ధతే మారింది కాబట్టి పాత అంకెలతో నేరుగా పోల్చలేమని కేంద్ర విద్యాశాఖే చెప్పింది. రెండు చోట్ల ఉన్న పేరు ఇప్పుడు దొరికిపోతుంది.

అయితే బడి మానేసిన పిల్లవాడి పేరు తెరమీద కనబడినంత మాత్రాన వాడు తిరిగి రాడు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1990లలోనే ఇల్లిల్లూ తిరిగి, పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చారు. ఆ తిరగడం ఇప్పటికీ మనుషుల పనే.

మనలో చాలామంది సొంతూరి బడికి విరాళాలు పంపుతుంటాం. ఈసారి ఎంతమంది చదువుతున్నారని అడిగి ఊరుకోకండి. నిరుడు ఉండి ఈ ఏడు రానిది ఎవరు, వాళ్ళింటికి ఎవరైనా వెళ్ళారా అని కూడా అడగండి.